ఫియట్ ఉన్నవాళ్లు ముగ్గురు కలిస్తే

గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో మీ ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద పాత ఫియట్ ఒకటి ఉందనుకుందాం. నాన్న కొన్నది, లేకపోతే తాత కొన్నది. టైర్లలో గాలి పోయి ఏళ్లయింది. వైరింగ్‌ని ఎలుకలు కొరికేశాయి. పండక్కి వచ్చిన ప్రతి చుట్టమూ "పాత ఇనుము కిందనన్నా అమ్మెయ్యరాదా" అని ఒక సలహా పారేసి పోతాడు. మీకేమో అమ్మబుద్ధి కాదు. బాగుచేయించబోతే ఎక్కడ మొదలుపెట్టాలో అంతుబట్టదు. ఊళ్లో మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి "సామాను దొరకదు సార్" అని చేతులు తుడుచుకుంటాడు. సామాను దొరికే చోటు తెలిసినాయన హైదరాబాద్‌లో ఉంటాడు, ఆయన ఫోన్ ఎత్తడు.

ఒంటరిగా కూర్చుని చేసుకోదగ్గ పనుల గురించి ఈ పుస్తకంలో చాలా చెప్పాను. ఇది అలాంటి పని కాదు. పాత బండిని లేపాలంటే పార్టుల కన్నా ముందు, అలాంటి బండే ఉన్న ఇంకో ఇద్దరు మనుషుల్ని వెతకాలి. పార్టుల దారి వాళ్ల గుండానే పోతుంది. మనుషుల్ని వెతకడం, వాళ్లని సరిగ్గా అడగడం, తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం నేర్చుకునేవే. మన ఊళ్లలో చాలామందికి మొదటిదాంట్లో మొహమాటం, రెండోదాంట్లో బద్ధకం, మూడోదాంట్లో మతిమరుపు.

అయితే మనుషుల దగ్గరికి వెళ్లే ముందు మీ బండి ఏదో మీకు తెలియాలి. "ఫియట్ ఉంది" అంటే చాలదు.

ముంబైలో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ 1950ల మొదట్లో కుర్లాలో బుల్లి ఫియట్ 500 బండ్లని బిగించి అమ్మింది. తొపొలినో అనే ముద్దుపేరుతో ఇటలీ అంతా తిరిగిన 569 సీసీ బండి అది. 1954 నుంచి ఫియట్ 1100 వచ్చింది. దాని ముందు తలుపుల కీళ్లు వెనకవైపు ఉండేవి. ముంబైవాళ్లు డుక్కర్ అని పిలిచింది దాన్నే. ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ అని ఏడాదులు గడిచేకొద్దీ పేర్లు మారాయి. 1964లో వచ్చిన 1100డి, అంటే డిలైట్, నుంచి తలుపు కీళ్లు ముందుకి వచ్చాయి. 1970ల మొదట్లో ఇటలీ కంపెనీతో ఒప్పందం గడువు తీరాక అదే బండి ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. 2000 ప్రాంతం దాకా తయారవుతూనే ఉంది. ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి 1964లో బ్యాంకులో అప్పు చేసి కొన్న కారు ఈ వంశంలోదే. ఢిల్లీలోని ఆయన స్మారకంలో ఇప్పటికీ చూడొచ్చు. ప్రధానికే అప్పు కావాల్సి వచ్చిన బండిని మీ తాత ఎట్లా కొన్నాడో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, మంచి కథే బయటపడుతుంది.

ఇంత చరిత్ర ఎందుకంటే, డబ్బు ఇక్కడే పోతుంది. మన దేశంలో తయారైన 1100డి ఇంజిన్ 1089 సీసీ. సిలిండర్ బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. ఇటలీలో అదే పేరుతో అమ్మిన 1100డి ఇంజిన్ 1221 సీసీ, బోరు 72. పేరు ఒకటే కదా అని ఇటలీ నుంచి 1100డి పిస్టన్లో, హెడ్ గాస్కెటో తెప్పించారనుకోండి, పార్సిల్ విప్పాక తల పట్టుకోవాలి. అదే ఇటలీలోని పాత 1100 బండికి, అంటే 1953లో జెనీవా ప్రదర్శనలో బయటికొచ్చిన మోడల్‌కి, మనదానిలాగే 68 బోరు. అక్కణ్నుంచి తెప్పించేది ఏదైనా ఈ కొలత రాసి పంపి, వాళ్లు ఔనన్నాకే డబ్బు కట్టండి.

కాబట్టి మొదటి రోజు పని ఏమిటంటే, బానెట్ ఎత్తి ఇంజిన్ వెనక గోడ మీద ఉండే నంబరు ప్లేటుని గుడ్డతో తుడిచి ఫోటో తీయండి. ఇంజిన్ బ్లాక్ మీద నంబరు ఫోటో తీయండి. రెంటినీ ఆర్‌సీతో సరిచూడండి. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఒకటి, బండి మీద ఒకటి ఉంటే కంగారు పడొద్దు, ఎప్పుడో ఇంజిన్ మార్చి ఉంటారు. కానీ ఆ సంగతి మీకు ఈరోజే తెలియాలి.

వాళ్లు ఎక్కడ దొరుకుతారు

మూడు ఊళ్లలో కలిపి ఫియట్లు ఎన్ని ఉన్నాయో ఏ ఆఫీసులోనూ జాబితా దొరకదు. దొరికినా అది షెడ్డులో మూలుగుతున్నవాటి లెక్క చెప్పదు. మీరు అడగాల్సింది లేత్ షాపులో. ఇరవై ముప్ఫై ఏళ్లుగా బుష్‌లు తిప్పుతున్న లేత్ మేస్త్రీకి ఏ ఇంటి ఫియట్‌కి ఏం అరిగిందో గుర్తుంటుంది. తరవాత టింకరింగ్ షెడ్డు. తరవాత, చాలామందికి తట్టని మనిషి, పాత ఇన్సూరెన్స్ ఏజెంటు. 1980ల్లో ఒక పట్నంలో ఫియట్ ఉండేది ఎవరికి? డాక్టర్‌కి, వకీలుకి, పల్లీ మిల్లు యజమానికి, ఒకరిద్దరు కాంట్రాక్టర్లకి. ఆ ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలే హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. ఇంటికి తాళం వేసి ఉంటే పక్కింటివాళ్లని అడగండి. షెడ్డులో ఏముందో పక్కింటివాళ్లకి తెలియని వీధి మన వైపు లేదు.

వెళ్లేటప్పుడు కొనడానికి వచ్చినవాడిలా వెళ్లకండి. పాత బండి ఉన్న ఇంటికి తుక్కు వ్యాపారులు ఇప్పటికే చాలాసార్లు వచ్చి వెళ్లి ఉంటారు, వాళ్ల మీద కోపం మీ మీద పడుతుంది. "నాకూ ఒకటుందండీ, 1978ది, ఇదిగో ఫోటో" అని ముందు మీ బండి చూపించండి. తుప్పు పట్టిన ఫోటోనే చూపించండి. మెరిసే బండి చూస్తే ఎదుటివాడు ముడుచుకుపోతాడు. తుప్పు చూస్తే "మాదీ ఇంతే" అని కుర్చీ వేస్తాడు.

అడగడం ఒక పని

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలను అనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

మనవాళ్లు అడిగే తీరు ఇలా ఉంటుంది: "అన్నా, ఫియట్ సామాను ఏమన్న దొరుకుతదా?" దీనికి జవాబు "చూద్దాం లే" తప్ప ఇంకేం ఉంటుంది? అడిగినవాడికి ఏం కావాలో అడిగినవాడికే తెలియదని ఎదుటాయనకి ఆ ఒక్క మాటతో అర్థమైపోతుంది. ఆయన చేతిలో పనులున్నాయి. మీ బదులు ఆలోచించే తీరిక ఆయనకి లేదు.

ఇలా అడిగి చూడండి: "అన్నా, నాది 1978 పద్మిని. స్టీరింగ్ కింది గేరు రాడ్ల బుష్‌లు అరిగినయి, రెండో గేరు చిక్కుతున్నది. పాత బుష్ తీసి కొలిచిన, లోపలి సైజు, బయటి సైజు రాసి పెట్టిన, ఫోటో పంపుతున్న. మీ బండికి చేయించినప్పుడు ఇత్తడి వేయించిన్రా, నైలాన్ వేయించిన్రా? లేత్ ఎవరు తిప్పిన్రు?" ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎదుటాయనకి రెండు నిమిషాలు చాలు. పైగా చెప్పాలని ఆయనకే ఉబలాటం పుడుతుంది. తనకి తెలిసిన సంగతిని ఎవరైనా సరిగ్గా అడిగితే చెప్పకుండా ఉండగలిగే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

తేడా ఎక్కడుందో చూశారా? బండి ఏ ఏడాదిదో చెప్పారు. లక్షణం చెప్పారు. మీ వంతు పని మీరు ముందే చేశారని కొలత చెప్తోంది. అడిగింది వస్తువుని కాదు, అనుభవాన్ని. వస్తువు అడిగితే ఎదుటివాడు తన దగ్గర తగ్గిపోతుందేమోనని లెక్కేసుకుంటాడు. అనుభవం అడిగితే ఆ లెక్కే రాదు. నాలుగు రోజులు పోయాక ఆయనే ఫోన్ చేసి "మా తాన రెండు బుష్‌లు మిగిలినయి, పట్టుకపో" అంటాడు.

ఇంకోటి. ఒక ఫోన్‌లో ఒకే ప్రశ్న. బ్రేకుల గురించి అడగబోయి కార్బురేటర్‌కి, అక్కణ్నుంచి పెయింటుకి, అక్కణ్నుంచి మోడీకి వెళ్లిపోతే ఆ మనిషి రెండోసారి ఎత్తడు. జవాబు పనికొచ్చిందా లేదా అన్నది వారంలోగా తిరిగి చెప్పండి. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్ల ఎన్ని మంచి పరిచయాలు ఎండిపోయాయో చెప్పలేను. చెప్పినాయనకి తన మాట ఫలించిందో లేదో తెలుసుకోవాలని ఉండదా?

మూడు ఊళ్లకి మూడు దారులు

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి జిల్లాలు వేరయ్యాయి కానీ, ఫియట్ బాగుచేసేవాడికి మూడూ ఒకే ఊరు. ఒక్కో ఊరికీ ఒక్కో వైపు దారి ఉంది. గద్వాలలో రైలెక్కితే ఒక వైపు కర్నూలు, ఇంకో వైపు 2013లో వేసిన లైను మీదుగా రాయచూరు. కన్నడ దేశం మార్కెట్టుకి గద్వాలాయనే మన రాయబారి. నాగర్‌కర్నూల్ నుంచి జడ్చర్ల మీదుగా హైదరాబాద్‌కి బస్సులే బస్సులు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు, ఆయిల్ సీళ్లు సైజు చెప్పి వెతకడం ఆ ఊరాయన పని. సీలు మీద ఉన్న నంబరు చెప్తే చాలు, ఫియట్ అన్న మాటే ఎత్తనక్కర్లేదు. ఎత్తితే ధర పెరుగుతుంది కూడా.

మధ్యలో ఉన్న వనపర్తికి వేరే బలం ఉంది. సంస్థానం రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. మెకానికల్ చదివే పిల్లలకి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి డ్రాయింగ్ గీయడం పాఠమే. అరిగిన బుష్ కొలిచి, అరగకముందు అది ఎంత ఉండి ఉంటుందో లెక్కగట్టి, కాగితం మీద గీసి ఇవ్వమని ఒక కుర్రాణ్ని అడగండి. వాడికి ప్రాజెక్టు దొరుకుతుంది, మీకు డ్రాయింగ్ దొరుకుతుంది. డ్రాయింగ్ చేతిలో ఉంటే ఏ ఊరి లేత్‌లోనైనా అదే బుష్ వస్తుంది. పాత బుష్‌ని జేబులో వేసుకుని తిరిగేవాడికి అది పారేసుకున్న రోజున కథ మళ్లీ మొదటికొస్తుంది.

తిప్పించేటప్పుడు ఒకటి తిప్పించకండి. లేత్ మీద సమయమంతా అమర్చుకోవడానికే పోతుంది. ఒకదాని ఖర్చులో మూడు, కాస్త కలిపితే ఐదు వస్తాయి. మిగతా ఇద్దరికీ చెరొకటి ఇవ్వండి. డబ్బు తీసుకోండి, మొహమాటపడకండి, అయితే అయిన ఖర్చే తీసుకోండి.

కంప్రెషన్ గేజ్, వాల్వ్ స్ప్రింగ్ నొక్కే పనిముట్టు, ఇంజిన్ ఎత్తే చైన్ బ్లాక్ లాంటివి ప్రతి ఇంట్లో ఉండాల్సిన పని లేదు. దీనికి మన ఊరి చిట్టీ పద్ధతే సరిపోతుంది: ముగ్గురూ నెలనెలా ఇంత అని వేసి ఒక్కో పనిముట్టు కొనండి, ఎవరికి ముందు అవసరమైతే వాళ్ల దగ్గర ఉంటుంది, రాసుకున్న పుస్తకం మాత్రం ఇంకొకరి దగ్గర ఉంటుంది. కలుసుకోవడానికి జాతీయ రహదారి 44 మీద పెబ్బేరు అందరికీ అందుబాటు. గద్వాలాయన ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన దాటి వస్తాడు, మిగతా ఇద్దరూ వనపర్తి మీదుగా వస్తారు. శనివారం మాత్రం వద్దు, పశువుల సంతలో బండి కాదు కదా మనిషి కూడా కదలడు.

ఉస్తాద్ సంగతి

ముగ్గురికీ తోడు నాలుగోవాడు మెకానిక్కు. ఇప్పటి కుర్రాళ్లు స్కానర్ పెడితే తప్పు ఎక్కడుందో చూపించే బండ్ల మీద పెరిగారు, అది వాళ్ల తప్పు కాదు. పద్మినికి స్కానర్ పెట్టే చోటే లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ ఆడించి, చెవితో విని టైమింగ్ పెట్టాలి. ప్లగ్గు వైర్లు 1-3-4-2 వరసలో పడాలి. సర్వీసు చేశాక బండి దగ్గుతూ తుమ్ముతూ నడుస్తోందంటే చాలాసార్లు రెండు వైర్లు తారుమారై ఉంటాయి, దానికోసం కార్బురేటర్ విప్పేవాళ్లూ ఉన్నారు. ఇది తెలిసిన ఉస్తాద్ వయసు ఇప్పుడు అరవై దాటి ఉంటుంది. బహుశా షెడ్డు కొడుక్కి అప్పజెప్పి బయట కుర్చీలో కూర్చుని ఉంటాడు.

ఆయన్ని కుర్చీలోంచి లేపకండి. కుర్చీతో సహా బండి దగ్గరికి తీసుకురండి. రోజు కూలీ ముందే మాట్లాడుకుని, అడిగినంత ఇచ్చి, పని కుర్రవాడి చేత చేయించండి, చెప్పడం మాత్రం ఆయన చెప్తారు. ముగ్గురి బండ్లూ ఒకే రకానివి కాబట్టి కార్బురేటర్ విప్పే రోజు ముగ్గురూ రండి. ఫోన్‌లో వీడియో తీయండి. ఆయన అనుమతి అడిగి తీయండి. ఆ విద్య ఆయన ఆస్తి, అడక్కుండా తీయడం దొంగతనం కిందికే వస్తుంది. ఆయనతో బేరం ఆడే మనిషిని మీ జట్టులో ఉంచుకోకండి. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం.

పనిలో ముందేది, వెనకేది

అందరూ పెయింటుతో మొదలుపెడతారు. ఎందుకంటే పెయింటు కనిపిస్తుంది. పెయింటు అన్నిటికన్నా ఆఖరు పని.

ఏళ్ల తరబడి నిలబడిపోయిన ఇంజిన్‌కి బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం మొదటి పాపం. రింగులు సిలిండర్ గోడకి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే గీతలు పడతాయి లేదా రింగు విరుగుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో కొద్దికొద్దిగా ఆయిల్ పోసి కొన్ని రోజులు వదిలేయండి. తరవాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ తగిలించి చేత్తో మెల్లగా కదిలించండి. కదిలితే ముందు ఉన్న పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయండి. కదలకపోతే మళ్లీ ఆయిల్, మళ్లీ ఓపిక. ఆ తరవాతా కదలకపోతే హెడ్ విప్పాల్సిందే. అప్పుడు గోడలు ఎంత అరిగాయో కొలిచి, రీబోర్ చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలా, స్లీవ్ వేయాలా అన్నది లేత్ మేస్త్రీ, ఉస్తాద్ కలిసి చెప్పాలి. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు తిప్పించండి, ముందు కాదు. తిప్పించాక ఆ సైజు పిస్టన్ దొరకలేదంటే బ్లాకు బల్ల మీద బరువుకే పనికొస్తుంది.

ఇంజిన్ స్టార్టయిన సంతోషంలో వీధి చివరిదాకా తీసుకెళ్లాలనిపిస్తుంది. ఆగండి. బ్రేకులు చూశారా? నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు గట్టిపడి, లోపల తుప్పు గుంటలు పడి ఉంటాయి. కొత్త రబ్బరు వేసినా ఆ గుంటల మీద నిలవదు. సిలిండర్‌కి స్టీల్ స్లీవ్ వేయించాలి, లేదా సిలిండరే మార్చాలి. నన్నడిగితే ఇంజిన్ కన్నా ముందు బ్రేకులు చేయిస్తాను.

పెట్రోలు సంగతి కొత్త చిక్కు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన బండి రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం, కార్కు గాస్కెట్లు ఆ కాలంలో ఊహించని ద్రవం ఇది. పాత రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, పగులుతుంది. వేడి ఇంజిన్ పక్కన పెట్రోలు కారడం అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. బండి లేపగానే ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు అంతా ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్చండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి పెట్రోలు ట్యాంకులో నిలవ ఉంచకండి. ముగ్గురూ కలిసి ఒక చుట్ట పైపు కొంటే మీటరు ధర తగ్గుతుంది.

మన పాలమూరు (మహబూబ్‌నగర్) ఎండ గురించి ఒక మాట. మే నెల మధ్యాహ్నం బండి ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపయ్యాక తనంతట తనే స్టార్టయితే అది దయ్యం కాదు. ఇంజిన్‌కి ఆనుకుని ఉన్న పెట్రోలు పంపు కాగిపోయి లోపలి పెట్రోలు ఆవిరవుతుంది, పంపు ఆవిరిని తోయలేదు. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పేవాళ్లు. ఇప్పటికీ అంతకు మించిన వైద్యం లేదు. బండిలో ఒక గుడ్డ, ఒక నీళ్ల సీసా ఉంచుకోండి.

బాడీ సంగతి. ఈ బండికి జీపుకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. అందుకే తలుపుల కింది పట్టీలు, ఫ్లోరు, వెనక కమాను కట్టల కొక్కేలు తుప్పు తింటే బండి బలమే పోతుంది. గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, పట్టని చోట కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. కుళ్లిన రేకు కోసి కొత్త రేకు అతకాలి. టింకరింగ్ మేస్త్రీ పుట్టీ డబ్బా తీస్తే మీరు పర్సు మూసేయండి. ఇక మెటాలిక్ రంగులు, అల్లాయ్ చక్రాలు మీ ఇష్టం. కానీ నా కంటికి అవి తాతకి జీన్స్ తొడిగినట్టే ఉంటాయి.

కాగితాలు

కాగితాల పని ఇంజిన్ పని కన్నా ముందే మొదలుపెట్టండి, ఎందుకంటే ఇది ఇంకా నెమ్మది. బండి తాత పేరున ఉండి ఆయన పోయి ఉంటే వారసత్వంగా పేరు మార్చుకోవడానికి ఫారం 31. ఆర్‌సీ పోతే నకలుకి ఫారం 26. మూడు జిల్లాలూ ఒకప్పుడు మహబూబ్‌నగర్‌లోవే కాబట్టి పాత రికార్డు అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. AP 22 నంబరు బండిని పట్టుకుని గద్వాల ఆఫీసులో గంటలు నిలబడే ముందు ఈ సంగతి కనుక్కోండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.

యాభై ఏళ్లు దాటిన బండికి ఇంకో దారి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తరవాత పొడిగింపుకి 5,000. కొత్తగా నంబరు ఇస్తే అందులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, ఇప్పటికే నంబరు ఉంటే అదే ఉంచుకోవచ్చు. అయితే రెండు షరతులున్నాయి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆ బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి మాత్రమే. మొదటి పద్మినిలు 2024 నుంచి ఈ గీత దాటడం మొదలుపెట్టాయి. భార్యని ఎక్కించుకుని అలంపూర్ జోగులాంబ గుడికి వెళ్లిరావాలన్నది మీ కోరికైతే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోండి. ఎప్పుడో డీజిల్ ఇంజిన్ వేయించిన బండైతే ఈ దారి ఎలాగూ కష్టమే.

జట్టులో వచ్చే తగాదాలు

వస్తాయి. మొదటి తగాదా అరువు తీసుకున్న సామాను మీద వస్తుంది. నివారణ చాలా చిన్నది: ఇచ్చేటప్పుడు వస్తువు ఫోటో తీసి, తేదీతో ముగ్గురికీ పంపండి. స్నేహంలో రాతకోతలేమిటని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఇప్పటి నొప్పి చిన్నది. రెండో తగాదా, సామాను దొరికే చోటు తెలిసీ చెప్పనివాళ్ల వల్ల. వాళ్లతో గొడవ పడకండి, మీ చోట్లు మాత్రం మీరు చెప్తూ ఉండండి. కొందరు సిగ్గుపడి మారతారు, కొందరు మారరు. మూడోది, ఒకరి బండి పూర్తయిపోవడం. అప్పటిదాకా పరిగెత్తుకొచ్చిన మనిషి బండి మెరవగానే మాయమవుతాడు. అందుకే మొదటి రోజే ఒప్పందం చేసుకోండి: మూడు బండ్లూ ఒకేసారి మొదలుపెట్టి, బ్రేకులు మూడింటివీ అయ్యాకే ఇంజిన్లు, ఇంజిన్లు మూడూ అయ్యాకే టింకరింగ్. పని నెమ్మదిస్తుంది, జట్టు నిలుస్తుంది.

పెద్ద నగరాల సంఘాలని చిన్నచూపు చూడమని నేననను. హైదరాబాద్‌లో డెక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్ ప్రదర్శనలు పెడుతుంది, వెళ్లి చూడండి. అక్కడ యజమానుల కన్నా బండి పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డ మనిషితో ఎక్కువ మాట్లాడండి. కానీ చిన్న ఊరు కాబట్టి మన వల్ల కాదనుకునేవాళ్లకి గార్లెండా గురించి చెప్పాలి. ఇటలీలో లిగూరియా ప్రాంతంలో ఒక పల్లె అది. మన వైపు ఒక మోస్తరు గ్రామపంచాయతీ అంత కూడా ఉండదు. 1984లో అక్కడ ఫియట్ 500 ఉన్నవాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పుడు వేలాదిమంది సభ్యులున్న ఫియట్ 500 క్లబ్ ఇటాలియా. ఏటా జులైలో దేశదేశాల నుంచి బుల్లి కార్లు ఆ పల్లెకి బారులు తీరతాయి. అక్కడి మ్యూజియానికి డాంటే జకోజా పేరు పెట్టారు. క్లబ్ పేరులోని 500ని, అంతకు ముందు తొపొలినో అనే పాత 500ని గీసిన ఇంజినీరు ఆయనే. మీ షెడ్డులోని పద్మినికి మూలమైన 1100 కూడా ఆయన ఆధ్వర్యంలోనే పుట్టింది. తురిన్‌లోనో మిలాన్‌లోనో పెట్టాల్సిన సంఘం పల్లెలో ఎందుకు నిలిచింది? అక్కడ బండి ఉన్నవాళ్లు రోజూ ఒకరికొకరు ఎదురుపడతారు. నగరంలో ఏడాదికోసారి కలుస్తారు.

జట్టు కొన్నాళ్లు నడిచాక తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది. ఎవరో ఫోన్ చేసి "మా ఫియట్ ఇక లేచే బండి కాదు, మీరు తీసుకెళ్లి సామాను వాడుకోండి" అంటారు. సంతోషించే ముందు నాలుగు పనులు చేయండి. యజమాని చేత రాతపూర్వకంగా రాయించుకోండి. బండి ఇక వాడకానికి పనికిరాదని యజమాని పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి, ఆ పనిలో ఆయనకి తోడు వెళ్లండి, ముసలాయన్ని ఒక్కణ్నీ పంపకండి. విప్పేటప్పుడు ముగ్గురూ ఉండండి, గాజులు, తలుపులు, డైనమో, డిఫరెన్షియల్ ఏది ఎవరికి వెళ్లిందో పుస్తకంలో రాయండి, మిగిలినవి ఎవరి షెడ్డులో ఉన్నాయో కూడా. ఇంజిన్ బ్లాకు ఎవరి బండిలోకి వెళ్తే వాళ్లు బిగించే ముందే ఆర్టీఏలో అనుమతి తీసుకుని, కొత్త నంబరుని ఆర్‌సీలో ఎక్కించుకుని, ఆ కాగితం నకలు ఒకటి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి.